పొడివత్తి దీపం దగ్గర నా కొలువు

ఈ పనిలో కొత్తగా చేరే కుర్రాళ్లు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "అది పేలుతుందాండీ?"

పేలుతుంది. హైడ్రోజన్ వాయువు గాలితో కలిసిన చోట నిప్పు చూపిస్తే తప్పకుండా పేలుతుంది. నా ఎడమ కనుబొమ్మ ఎన్నిసార్లు మాడి మళ్లీ మొలిచిందో మా ఆవిడకే తెలుసు. "ఇంకోసారి ఇలా ఇంటికొస్తే కాటుకతో గీసి పంపిస్తాను" అని బెదిరించేది. అయితే పేలుడు ఈ ఉద్యోగంలో చాలా చిన్న భాగం. మిగతాదంతా కడగడమే. కడిగినదాన్ని మళ్లీ కడగడం, మధ్యమధ్యలో పంతుళ్ల ముఖాలు కనిపెట్టుకుని ఉండడం.

నేను రాజమండ్రిలో ఒక కాలేజీ రసాయనశాలలో అటెండరుగా పనిచేసి పింఛను పుచ్చుకున్నాను. మాది నరసాపురం దగ్గర. మా వాళ్లది చేపల వేట. మూడో తరగతిలో నేనూ బడీ ఒక ఒప్పందానికి వచ్చి విడిపోయాం. ఆ తరవాత బడి బాగుపడిందని విన్నాను. వల లాగిన చేతుల్లోంచి సీసాలు జారవని ఎవరో సిఫారసు చేస్తే ఇక్కడ పెట్టుకున్నారు. చేరిన వారంలోనే ఆ మాట తప్పని తేలిపోయింది గానీ, అప్పటికే నా పేరు ఎక్కించేశారు.

ప్రమోషన్ల గురించి రాయను. వస్తే కదా రాయడానికి. మీకు పనికొచ్చే సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవన్నీ ఒక తోకచుక్క వచ్చిన ఏడు, ఒక దసరా పండక్కి నేర్చుకున్నవే.

జిడ్డు గురించి

గాజు శుభ్రంగా ఉందో లేదో కంటికి తెలియదు. నీళ్లు పోసి వంపాలి. నీళ్లు పల్చటి పొరలా జారిపోతే శుభ్రంగా ఉన్నట్టు. చుక్కలు చుక్కలుగా నిలబడితే జిడ్డున్నట్టు. మన గోదావరి వైపు జిడ్డు లేని మనిషిని నేనింకా చూడలేదు. తలకి నూనె, ఒంటికి నూనె, పప్పులో నెయ్యి, పచ్చడిలో మళ్లీ నూనె, ఆ చేతుల్తోనే సరాసరి కాలేజీ. కుర్రాళ్లు ఒక్కసారి ముట్టుకున్న గొట్టానికి నేను మూడు నీళ్లు పెట్టాలి. "బాబులూ, మీ ఇంట్లో ఈ పూట గుత్తొంకాయ కూర చేశారని గాజే చెబుతోంది" అనేవాణ్ని. ఒక్కోసారి నిజం కూడా అయ్యేది.

ఇంత జిడ్డు మీద ఇంత రాద్ధాంతం దేనికని మొదట్లో నేనూ విసుక్కున్నాను. దేనికో చెప్పినవారు విశ్వనాథం పంతులుగారు.

విశ్వనాథం పంతులుగారు

నేను పనిచేసిన పంతుళ్లలో బాగా చెప్పేవాళ్లున్నారు, గట్టిగా అరిచేవాళ్లున్నారు. విశ్వనాథంగారిది చాలా మెల్లటి గొంతు. వెనక బెంచీ కుర్రాళ్లు ఆయన మాట వినపడక ముందుకొచ్చి కూర్చునేవాళ్లు. అరిచే పంతుళ్లకి ఈ కిటుకు ఎప్పటికీ అర్థం కాలేదు. పిఠాపురం ఆయన, పురోహితుల కుటుంబం. చెన్నపట్నంలో చదువుకుని వచ్చారు. అప్పటికి మా కాలేజీలో రసాయనం చెప్పడానికి మనవాళ్లలో వేరే ఎవరినీ పెట్టి ఉండలేదు.

మనవాళ్లకి ఈ చదువు చెప్పడం చేతనవుతుందా అని మా ప్రిన్సిపాల్ దొరగారికి అనుమానం. చెడ్డ మనిషి కాదు, తెలుగు బాగానే మాట్లాడతారు. ముక్కుసూటి మనిషి, ఆ ముక్కు కూడా పొడుగే. విశ్వనాథంగారితో నా ముందే అన్నారు: "ఈ సంవత్సరం చూస్తాను. కుదరకపోతే తరగతి ఎత్తేసి సామాను చెన్నపట్నం పంపించేస్తాను." తరగతి పోతే పంతులుగారు ఏదో ఊరి బడిలో వ్యాకరణం చెప్పుకోవాలి. నేను మళ్లీ వల పట్టుకోవాలి. నాకు వల కొత్త కాదు. మా ఆవిడకే రాజమండ్రి అలవాటైపోయింది.

ఇలా ఉండగా భాద్రపదం వెళ్లాక ఆకాశంలో తోకచుక్క పొడిచింది. తెల్లవారుజామున తూర్పున చూస్తే ఎవరో చీపురు నిలబెట్టినట్టు ఉండేది. ఊరంతా గడగడలాడింది. రాజులు పోతారన్నారు, గోదారి పొంగుతుందన్నారు. బజార్లో నూనె వర్తకులు చలమయ్యశెట్టిగారు కొత్త కొట్టు ప్రారంభం వాయిదా వేసుకుని, తోకచుక్క పోయాకే తలుపు తీస్తానని కూర్చున్నారు.

దొరగారు విశ్వనాథంగారిని పిలిచి, "ఊరివాళ్ల కోసం ఒక ఉపన్యాసం ఇవ్వండి. ఆ తోకచుక్కలో ఏముందో చెప్పండి. ప్రయోగం కూడా చేసి చూపించండి. నేను వస్తాను" అన్నారు. మాట మర్యాదగానే ఉంది. పరీక్ష అని మా ఇద్దరికీ తెలిసింది.

ఆకాశంలో మసి

మర్నాడు తెల్లవారుజామున కాలేజీ మేడ మీదికి ఎక్కాం. పంతులుగారి చేతిలో జానెడు ఇత్తడి గొట్టం ఉంది. ఏ వెలుగునైనా దాంట్లోంచి చూస్తే రంగులు విడివిడిగా కనిపిస్తాయి. తోకచుక్క తల వైపు పెట్టి నా చేతికిచ్చారు.

"ఏం కనపడుతోంది అప్పన్నా?"

"తోక పోయిందండి."

"తోక సంగతి కాదయ్యా, రంగులు చూడు."

"మూడు పట్టీలండి. పసుపూ, ఆకుపచ్చా, నీలం. మా ఆవిడ అడుగుతున్న చీర అంచులా ఉంది."

ఆయన కొవ్వొత్తి వెలిగించి, మంట అడుగున నీలంగా ఉండే చోటికి గొట్టం పెట్టించారు. "ఇప్పుడు?"

"అదే చీరండి! అదే అంచు!"

"అదీ సంగతి" అన్నారు. "మంటలో బొగ్గు తాలూకు పరమాణువులు జట్లు కట్టి వెలిగితే ఈ అంచు వస్తుంది. తోకచుక్కలోనూ అదే వస్తోందంటే అక్కడా అవే జట్లున్నాయన్న మాట. మన వంటింటి మసికి చుట్టాలు."

"అయితే ఆకాశంలో కూడా అంట్లు తోమాలండి."

ఆయన నవ్వి ఊరుకోలేదు. నవ్వి, ఆలోచనలో పడ్డారు. పరమాణువంటే ఇంక ముక్కలు చెయ్యలేని నలుసు. రెండో మూడో నలుసులు జట్టు కడితే అణువు. గాలి, నీరు, ఉప్పు, మీరూ నేనూ అన్నీ అలాంటి జట్లే. ఇదంతా నాకు గ్లాసులు కడుగుతుండగా వచ్చిన చదువు. అందుచేత కొంచెం తడిగా ఉంటుంది.

"వాటిని అక్కడ ఎవరు కలిపారు అప్పన్నా?" అన్నారు. "రెండు నలుసులు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయనుకో. అతుక్కోవు. ఎంత జోరుగా వచ్చాయో అంత జోరుగానూ విడిపోతాయి. అతుక్కోవాలంటే ఆ జోరు ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. ఇక్కడైతే చుట్టూ గాలుంది, గిన్నె గోడలున్నాయి, పుచ్చుకుంటాయి. ఆ ఖాళీలో ఎవరున్నారు? మీ నావల సంగతే చూడు. నడిగోదాట్లో రెండు నావలు గుద్దుకుంటే కలుస్తాయా?"

"కలిసేవి తిట్లేనండి. నావలు చెరో వైపూ పోతాయి."

"రేవులో అయితే?"

"ఒకటొచ్చి ఆగుతుంది, రెండోదొచ్చి పక్కన చేరుతుంది. రెండింటినీ కలిపి కట్టేస్తాం."

"అదే. ఆకాశంలో రేవు ఏదీ అని నా ప్రశ్న" అన్నారు. ఈలోగా తెల్లవారింది, తోకచుక్క వెలిసిపోయింది. ఆయన మాత్రం అక్కడే నిలబడ్డారు.

మీరు పనిచేయబోయే పంతుళ్లు ఇలా నిలబడిపోయినప్పుడు కాఫీ తెమ్మంటారా, చాప తెమ్మంటారా అని అడక్కండి. పక్కన నిలబడండి చాలు. నేను ఈ సంగతి చాప తెచ్చాక తెలుసుకున్నాను.

దీపం

ఉపన్యాసంలో ఊరివాళ్లకి "రేవు" కంటికి కనపడేలా చూపించాలని పంతులుగారు పట్టుపట్టారు. దానికి మా రసాయనశాలలో ఒక విచిత్రమైన దీపం ఉంది.

గాజు పాత్రలో నీళ్లు కలిపిన గంధకద్రావకం, అదే సల్ఫ్యూరిక్ ఆసిడ్, అందులో వేలాడే జింకు కడ్డీ. పైన కుళాయి తిప్పితే హైడ్రోజన్ సన్నగా బయటికి ఊదుతుంది. ఆ ఊదుకి ఎదురుగా తీగచుట్టలో చిన్న ప్లాటినం ముద్ద, బూడిద రంగులో, స్పంజిలా గుల్లగా ఉంటుంది. నిప్పు లేదు, నూనె లేదు. హైడ్రోజన్ వచ్చి ఆ ముద్ద మీద వాలుతుంది, గాలిలోని ఆక్సిజన్ కూడా వచ్చి అక్కడే వాలుతుంది. గాలిలో పక్కపక్కనే తిరుగుతూ ఒకదాన్నొకటి పట్టించుకోనివి ఆ ముద్ద మీద చేరేసరికి కలిసిపోయి నీటి ఆవిరవుతాయి. కలిసేటప్పుడు పుట్టిన వేడి ముద్ద పుచ్చుకుంటుంది. పుచ్చుకుని పుచ్చుకుని ఎర్రబడుతుంది. అప్పుడు ఊదు భగ్గున అంటుకుంటుంది. ప్లాటినం మాత్రం రవ్వంతైనా తరగదు. పెళ్లి చేయించి, విందు తినకుండా వెళ్లిపోయే పెద్దమనిషి లాంటిది.

ఉపన్యాసం మహానవమి సాయంత్రానికి పెట్టారు. పండగ సెలవులు కనక ఊరందరికీ తీరుబడి. ఆ పొద్దున్న దీపం వెలిగించి చూసుకున్నాం. తిప్పగానే వెలిగింది.

కామేశ్వరమ్మగారు

పంతులుగారి తల్లి కామేశ్వరమ్మగారు పిఠాపురం నుంచి అమ్మవారి కుంకుమ పట్టుకుని, సామర్లకోట కాలవ మీద పడవలో ధవళేశ్వరం వచ్చి, అక్కణ్నుంచి బండిలో దిగారు. ఎర్రంచు తెల్లచీర, ముఖాన అణా కాసంత బొట్టు. ఆవిడ వీధిలో ఉండగానే ఇంట్లో వాళ్లు సర్దుకుని కూర్చునేవారు.

"ఆయుధపూజ చెయ్యవా?" అని కొడుకుని నిలదీశారు. "కంసాలి సుత్తికి చేస్తాడు, మంగలి కత్తికి చేస్తాడు. నీ సామానేం పాపం చేసింది?"

"రసాయనాలమ్మా. పసుపూ కుంకుమా పడితే పాడవుతాయి."

"పసుపు పడి పాడైంది లోకంలో ఉందిట్రా?"

ఈ ప్రశ్నకి చెన్నపట్నంలో జవాబు నేర్పినట్టు లేదు. "సీసాల పైన పెట్టుకో అమ్మా, లోపల మాత్రం వద్దు" అని ఆయన రాజీకొచ్చారు. మధ్యాహ్నం ఆవిడ తడిబట్టతో వచ్చి పూజ మొదలుపెట్టారు. దొరగారు కుర్చీల గురించి పంతులుగారిని పిలిపించారు. నన్ను పువ్వుల కోసం పంపించారు. వచ్చి చూసేసరికి నా సీసాలన్నీ పెళ్లికూతుళ్లలా బొట్లు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఆవిడ బల్ల మీది దీపం వైపు చూస్తూ, "ఇది దీపమేనా అప్పన్నా?" అన్నారు.

"దీపమేనండి అమ్మగారూ. సాయంత్రం అయ్యగారు వెలిగించేది ఇదే."

"మంచిది" అన్నారు. చాలా తృప్తిగా అన్నారు.

మహానవమి సాయంత్రం

హాలు కిక్కిరిసింది. ముందు వరసలో దొరగారు, పక్కన చలమయ్యశెట్టిగారు, వెనక ఊరు. ఆడవాళ్లకి ఒక పక్క తెర కట్టారు. ఆ తెర వెనక కామేశ్వరమ్మగారు కూర్చున్నారు.

పంతులుగారు తోకచుక్క అంచు గురించీ, మసి గురించీ, నావల గురించీ చక్కగా చెప్పారు. ఆ మెల్లటి గొంతుకి హాలంతా ముందుకు వంగింది. "ఇప్పుడు రెండు వాయువులు ఒక రేవులో కలవడం చూడండి" అని కుళాయి తిప్పారు.

ఊదు వచ్చింది. ముద్ద ఉలకలేదు, పలకలేదు.

కుళాయి కట్టేసి, మళ్లీ తిప్పారు. బూడిద రంగు ముద్ద బూడిద రంగుగానే ఉంది. వెనకాల ఎవరో దగ్గారు. దగ్గు అంటువ్యాధి కనక హాలంతా దగ్గింది. దొరగారు కాలు మీద కాలు మార్చుకున్నారు.

"అగ్గిపుల్ల కావాలా పంతులుగారూ? నా దగ్గరుంది" అన్నారు శెట్టిగారు సాయం చేసే గొంతుతో.

పంతులుగారు వంగి ముద్దని దగ్గరగా చూశారు. వాసన చూశారు. ఆయన ముఖంలో ఏదో మెరిసి ఆరింది. తెర వైపు ఒక్కసారి చూసి చప్పున కళ్లు తిప్పేసుకున్నారు. తరవాత ముద్దని తీగతో సహా చిమటాతో పట్టి తీసి, సారాదీపం మంటలో పెట్టారు. సన్నటి పొగ లేచింది. హాలంతా నెయ్యి కాచిన కమ్మటి వాసన.

"ఏంటండోయ్, ఆకాశంలో అరిసెలు వండుతున్నారా?" అని శెట్టిగారు. హాలు గొల్లుమంది.

ముద్ద మంటలో ఎర్రగా కాలింది. జిడ్డంతా పోయింది. నేను పక్కకి చేరి చెవిలో అన్నాను: "అయ్యగారూ, వేడి మీదే తెచ్చి పెట్టేయండి. ఠక్కున వెలుగుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అన్నారు. "చల్లారాలి. కాలిన ఇనప మేకు పెట్టినా వెలుగుతుంది. అప్పుడిది ప్లాటినం గొప్ప ఎలా అవుతుంది? కాసేపు వాళ్లని చూసుకో."

చూసుకో అంటే, హాలుని. నాకు ఉపన్యాసం రాదు. అయినా దగ్గుతున్న ఊరిని దగ్గనిస్తే మా ఉద్యోగాలు రెండూ ఆ దగ్గులోనే కొట్టుకుపోతాయి. బల్ల ముందుకొచ్చి నిలబడ్డాను.

"అయ్యలారా, అమ్మలారా, ఇది చల్లారాలండి. ఈలోగా నా కనుబొమ్మ కథ చెబుతాను" అని మొదలుపెట్టాను. మా ఆవిడ కాటుక సంగతి చెప్పాను. నడిగోదాట్లో నావలు గుద్దుకున్నప్పుడు తిట్టుకునే తిట్లలో పెద్దమనుషుల ముందు చెప్పదగ్గవి చెప్పాను. అవి కొంచెమే కనక త్వరగా అయిపోయాయి. మూడో తరగతిలో నేనూ బడీ విడిపోయిన వైనం చెప్పాను. తెర వెనక గాజులు గలగలమన్నాయి. దగ్గులు ఆగాయి.

అంతలో శెట్టిగారు లేచారు. "చల్లారిందో లేదో నేను చూసి చెప్తా. ఇందులో కనికట్టేమీ లేదని ఊరికి సాక్ష్యం ఉండాలి కదా" అంటూ బల్ల దగ్గరికొచ్చి, ముద్ద వైపు చెయ్యి చాపారు. పొద్దస్తమానం నువ్వులనూనె కొలిచే చెయ్యి! సారాదీపం వెలుగులో వేళ్లు నిగనిగలాడుతున్నాయి. ఆ వేలు తగిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఆయనేమో ఊళ్లో పెద్దమనిషి. నీ చెయ్యి మురికి అని ఎలా అంటాను?

"ఆగండి శెట్టిగారూ!" అన్నాను. "తాకకండి. అది మడి కట్టుకుంది."

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఇప్పుడే అగ్నిలో స్నానం చేసి వచ్చిందండి. మడిలో ఉన్నవాళ్లని ముట్టుకుంటారా? మీరంటే అభిమానం లేక కాదు. నన్నైనా ముట్టుకోనివ్వదు, అయ్యగారినైనా ముట్టుకోనివ్వదు. అందుకే చిమటా."

శెట్టిగారు చెయ్యి వెనక్కి తీసుకుని, "అలా చెప్పు మరి. మడి అంటే తెలియనివాణ్నా?" అని రెండడుగులు ఎడంగా జరిగి నిలబడ్డారు. తెర వెనక నుంచి "అదీ!" అని కామేశ్వరమ్మగారి గొంతు గట్టిగా వినపడింది. నేను జన్మలో ఒకరిని మడి అని ఆపడం అదే మొదలు. అంతవరకు ఆ మాట నాకు వినపడే మాటే గాని, అనే మాట కాదు. ఎంత బరువో అన్నాక తెలిసింది.

పంతులుగారు అందుకున్నారు. "అప్పన్న నవ్వుతూ అన్నా ఉన్నమాటే అన్నాడు. రేవు మీద ఇదివరకే ఎవరో తిష్ట వేసుకుని కూర్చుంటే నావకి చోటేదీ? పల్చటి జిడ్డు చాలు, కంటికి కనపడనిది చాలు, వాయువులకి దిగే చోటుండదు. అందుకని దీన్ని మడిగా ఉంచాలి."

దొరగారు కనుబొమ్మలెత్తి మడి అంటే ఏమిటన్నారు. పంతులుగారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాకు తెలియదు. దొరగారు మాత్రం బల్ల మీద ఆనించిన చెయ్యి మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ముద్ద చల్లారింది. శెట్టిగారి తృప్తి కోసం దాన్ని పట్టుకున్న తీగ చివర మాత్రం ముట్టుకోనిచ్చారు. "మంచులా ఉందండోయ్" అని ఆయన ఊరికి ప్రకటించారు. పంతులుగారు ముద్దని చోట పెట్టి కుళాయి తిప్పారు.

ఒక క్షణం ఏమీ లేదు. తరవాత ముద్ద నడుమ ఎర్రటి చుక్క పుట్టింది. చుక్క పాకింది, ముద్దంతా నిప్పుకణికైంది, భగ్గుమంది. అగ్గిపుల్ల లేకుండా, ఎవరూ ఊదకుండా. హాలు లేచి నిలబడింది. నేను కూర్చున్నాను.

చప్పట్లు ఆగాక శెట్టిగారే అడిగారు: "అంతా బాగుంది. ఇక్కడ మీ ప్లాటినం ఉంది. ఆ ఆకాశంలో ప్లాటినం ఎవడు పెట్టాడండీ?"

"ప్లాటినమే అక్కర్లేదేమోనండి" అన్నారు పంతులుగారు. "ఆకాశంలో దుమ్ముంది. రాలే చుక్కలు ఆ దుమ్మూ రాళ్లే అంటున్నారు. ఎక్కడో చల్లటి చీకట్లో ఒక దుమ్ము నలుసు మీద ఒక పరమాణువు వాలి ఆగుతుంది. చాలాకాలానికి ఇంకొకటి వాలుతుంది. కలుస్తాయి. కలిసిన వేడి ఆ దుమ్ము పుచ్చుకుంటుంది. అలా అయి ఉండొచ్చు."

"ఇది తెలిసిన సంగతా, ఊహా?" అని దొరగారు సూటిగా అడిగారు.

విశ్వనాథంగారు ఊరందరి ముందూ, "ఊహేనండి. నాకు తెలియదు" అన్నారు.

నేను నాలిక కరుచుకున్నాను. అంత కష్టపడి వెలిగించి, చివరికి తెలియదంటారా? దొరగారు తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తల ఊపు ఏ వైపుదో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇంకొక సంగతి నన్ను కుదిపింది. అప్పటిదాకా నా కొలువంతా దుమ్ము దులపడమే. ఆ దుమ్మే ఆకాశంలో పెళ్లిళ్లు చేస్తోందంటే, మర్నాడు గుడ్డ పట్టుకుని బీరువా ముందు నిలబడ్డప్పుడు చెయ్యి ఆడలేదు.

దొరగారి మాట

సెలవులయ్యాక దొరగారు రసాయనశాలకి వచ్చారు. నేను గ్లాసులు కడుగుతున్నాను. ఇలాంటప్పుడు అటెండరు నీళ్ల చప్పుడు తగ్గించి కడగాలి, ఇది రాసిపెట్టుకోండి.

"వేడిగా ఉన్నప్పుడే ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. "మీ మనిషి చెవిలో ఏదో చెబుతుంటే చూశాను. అదే చెప్పి ఉంటాడనుకుంటాను."

నేను కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను.

"అప్పుడు వెలిగేది వేడి వల్లనండి, ప్లాటినం వల్ల కాదు" అన్నారు పంతులుగారు.

దొరగారు సామాను వంక ఒకసారి చూశారు. బొట్లు నేనింకా తుడవలేదు. "వచ్చే సంవత్సరం తరగతికి ఏమేం కావాలో చెప్పండి" అని వెళ్లిపోయారు. అంతే. తరగతి నిలబడింది. నేను చాలామంది అధికార్లని చూశాను. ఎందుకు మెచ్చుకోవాలో తెలిసినవాళ్లు తక్కువ. ఆయన వెలుగుని మెచ్చుకోలేదు, ఆగడాన్ని మెచ్చుకున్నారు.

రెండు మాటలు

ఉపన్యాసమైన సాయంత్రమే, సామాను సర్దుతుండగా పంతులుగారు నాతో అన్నారు: "అమ్మకి చెప్పకు అప్పన్నా. ఆ ముద్దని వత్తి అనుకుని ఉంటుంది. దీపంలో వత్తి ఎండి ఉంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. పండగ పూట ఒక చుక్క వేసి ఉంటుంది. తన చేతి మీదుగా జరిగిందని తెలిస్తే అన్నం తినదు."

"చెప్పనండి" అన్నాను.

దొరగారు వచ్చి వెళ్లిన మర్నాడు కామేశ్వరమ్మగారు ఒక్కరే వచ్చి గుమ్మం అవతల నిలబడ్డారు.

"అప్పన్నా, నిజం చెప్పు. ఆ రోజు ఆ వాసన నా నెయ్యిదే కదూ?"

"నెయ్యి అన్నాక అన్నీ ఒకే వాసనండి అమ్మగారూ."

"నోరుముయ్యి. మా ఆవు వెన్న, నేను కాచిన నెయ్యి నాకు తెలియదూ? వత్తి ఎండిపోయి ఉంది నాయనా. మహానవమి నాడు పొడివత్తి చూస్తూ ఎలా పోను? ఒక్క చుక్క." ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వాడి తరగతి నా చేతుల్తోనే ఆర్పేసి ఉందును కదరా."

నాకు వేళాకోళం తప్ప వేరే విద్య రాదు. ఆ పూట అదీ రాలేదు. "అమ్మగారూ, మీరు వెయ్యకపోతే అది తిప్పగానే వెలిగేది. దొరగారు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవారు. చల్లారేదాకా ఆగిన మనిషిని ఎవరు చూసేవారండీ? అయ్యగారి తరగతి నిలబడింది ఆ ఆగినందుకే. నేను చెవులారా విన్నాను."

ఆవిడ కళ్లు తుడుచుకుని, "వాడికి తెలుసా?" అన్నారు.

"తెలియదండి."

"చెప్పకు మరి. తెలిస్తే వాడి మనసు నాకోసం నొచ్చుకుంటుంది."

"చెప్పనండి" అన్నాను, రెండోసారి.

ఆ తరవాత ప్రతి దసరాకీ కామేశ్వరమ్మగారు కుంకుమా నెయ్యీ పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగి, "నడుం పట్టేసిందిరా అప్పన్నా, నువ్వే పెట్టు, ఎక్కడెక్కడ పెట్టొచ్చో నీకు తెలుసు కదా" అనేవారు. లోపల్నుంచి పంతులుగారు, "అమ్మనే రమ్మను, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోనీ" అని పెద్దమనసుతో పలుకుతూ, దీపాన్ని ముందే బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. ఈయనకి తెలియదని ఆవిడ, ఆవిడకి తెలియదని ఈయన. మధ్యలో నేను గుమ్మం మీద.

మీకు ఈ కొలువులో కడగడం రెండు నెలల్లో వస్తుంది. జిడ్డు పోయిందో లేదో నీళ్లు చెబుతాయి. మిగతాది ఎవరూ చెప్పరు. పంతుళ్లకి ఇళ్లుంటాయి, తల్లులుంటారు, భయాలుంటాయి. వాటి వేడి ఎంతో కొంత మీ మీద పడుతుంది. పడనివ్వండి. మీరేం తరగరు.

కామేశ్వరమ్మగారు పెద్దవయసులో, పిఠాపురంలో, కొడుకు చేతుల్లో పోయారు. ఆ తరవాత కొన్నేళ్లకి పంతులుగారూ పోయారు కనకనే ఇదంతా రాయగలుగుతున్నాను. తల్లి కర్మ ముగించుకుని ఆయన కాలేజీకి తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గుండు మీద ఉత్తరీయం కప్పుకుని, నా తొట్టె పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆ మెల్లటి గొంతుతో అడిగారు:

"అప్పన్నా, అమ్మకి చివరిదాకా తెలియలేదు కదూ?"

కడుగుతున్న గ్లాసు వంచాను. నీళ్లు ఎక్కడా నిలబడకుండా పొరలా జారిపోయాయి.

"తెలియలేదండి" అన్నాను.